దిగబడ్డ ట్యాంకును లాగేదెవరు?

2003 ఏప్రిల్ 9న బాగ్దాద్‌లోని ఫిర్దౌస్ కూడలిలో సద్దాం హుస్సేన్ విగ్రహం కూలడాన్ని ప్రపంచమంతా టీవీలో చూసింది. విగ్రహం మెడకు గొలుసు బిగించి కిందికి లాగిన బండిని మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. చూడటానికి అది ట్యాంకులాగే ఉంది. చక్రాల చుట్టూ ఇనుప ట్రాకులున్నాయి, ఒళ్లంతా ఉక్కు కవచం ఉంది. ఫిరంగి ఉండాల్సిన చోట క్రేన్ ఉంది. అమెరికా సైన్యం 1961 నుంచి వాడుతున్న ఎం-88 తరగతి రికవరీ వాహనం అది. దెబ్బతిన్న, బురదలో కూరుకుపోయిన, ఇంజిన్ పట్టేసిన ట్యాంకులను బయటికి లాగడం, వీలైతే అక్కడికక్కడే బాగుచేయడం, కాకపోతే వెనక్కి తీసుకుపోవడం దాని అసలు పని.

సైనికులు దీన్ని ఏఆర్‌వీ (ఆర్మర్డ్ రికవరీ వెహికల్) అంటారు. ట్యాంకుల గురించి తెలుగులో వచ్చే వార్తల్లో ఫిరంగి ఎన్ని మిల్లీమీటర్లు, గుండు ఎంత దూరం పోతుంది, కవచం దేన్ని ఆపుతుంది అన్న వివరాలే ఎక్కువ. ఆ ట్యాంకు నడి పొలంలో నిలిచిపోతే ఏమవుతుందన్న ప్రశ్న దాదాపు కనిపించదు. ఒక దేశం దగ్గర ఎన్ని ట్యాంకులున్నాయన్న అంకె యుద్ధం మొదలైన రోజు వరకే పనికొస్తుంది. మూడో రోజుకి అసలు లెక్క మారిపోతుంది: నిన్న ఆగిపోయినవాటిలో ఇవాళ ఎన్ని మళ్లీ కదిలాయి? ఈ లెక్కను తేల్చేది ఫిరంగి లేని ఆ బండి, దాంతో పాటు నడిచే మెకానిక్కులు.

చిత్తూరు, తిరుపతి జిల్లాల వాళ్లకు ఇది దూరదేశపు సంగతి కాదు. తిరుపతి నుంచి చెన్నైకి రైల్లో పోతే తిరుత్తణి, అరక్కోణం, తిరువళ్లూరు దాటాక ఆవడి వస్తుంది. మన సైన్యం టీ-72, టీ-90 ట్యాంకుల్లో చాలావరకు, అర్జున్ ట్యాంకులు తయారైంది అక్కడి హెవీ వెహికల్స్ ఫ్యాక్టరీలోనే. అర్జున్‌ను రూపొందించిన డీఆర్‌డీఓ సంస్థ సీవీఆర్‌డీఈ కూడా ఆవడిలోనే ఉంది. ఇటు పడమటి వైపు పలమనేరు, వి.కోట దాటి కర్ణాటకలో అడుగు పెడితే కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్. ఒకప్పుడు చిత్తూరు పల్లెల నుంచి ఎందరో కూలికి పోయిన గనులవి. 2001లో అవి మూతపడ్డా, పక్కనే ఉన్న బీఈఎంఎల్ కర్మాగారం మాత్రం నడుస్తూనే ఉంది. బుల్డోజర్లు, ఎక్స్‌కవేటర్లతో పాటు సైన్యానికి రికవరీ వాహనాలు చేసిపెట్టింది ఆ కర్మాగారమే. ట్యాంకు పుట్టే ఊరు తూర్పున, దాన్ని లాగే బండి పుట్టే ఊరు పడమటన, నడుమ చిత్తూరు. తూర్పు ఊరి సరుకు గురించి దేశమంతా మాట్లాడుకుంటుంది. పడమటి ఊరి సరుకు గురించి కూడా అంతే శ్రద్ధగా మాట్లాడుకోవాల్సిన అవసరం ఉంది.

కాలిపోయిన ట్యాంకు వేరు, ఆగిపోయిన ట్యాంకు వేరు

ట్యాంకు దెబ్బతిందనగానే మంటల్లో కాలుతున్న ఇనుప ముద్ద మనసులో మెదులుతుంది. లోపలి మందుగుండు పేలి టరెట్ (ఫిరంగి అమర్చిన పైభాగం) ఎగిరిపోతే ఆ ట్యాంకు కథ నిజంగానే ముగిసినట్టు. కానీ ఎక్కువ ట్యాంకులు అంతకన్నా చిన్న కారణాలకే ఆగిపోతాయి. మందుపాతర పేలి ఒక పక్క ట్రాక్ తెగుతుంది. ఇంజిన్ వేడెక్కి పట్టేస్తుంది. గేర్‌బాక్స్ విరుగుతుంది. కాలువ గట్టు దిగబోయి బండి పక్కకు ఒరుగుతుంది. పొట్ట నేలకు ఆనేదాకా బురదలో కూరుకుపోతుంది. శత్రువు గుండు తగలకుండానే ఆగిపోయిన ట్యాంకులు ప్రతి పెద్ద యుద్ధంలోనూ ఉన్నాయి.

1943 జులైలో కుర్స్క్ పోరుకు జర్మనీ తన సరికొత్త పాంథర్ ట్యాంకులను 200 దాకా తెచ్చింది. ఇంజిన్లలో మంటలు, యంత్రాల లోపాలు, సోవియట్ మందుపాతరలు అన్నీ కలిసి, వారం తిరగకముందే పోరాడే స్థితిలో ఉన్నవాటి సంఖ్యను పదుల్లోకి దించేశాయి. నిలిచిపోయినవాటిలో చాలావరకు బాగుచేయదగినవే. దాడి సాగినన్నాళ్లూ వాటిని లాక్కొచ్చి వర్క్‌షాపుల్లో పెట్టుకోగలిగారు. ఆ తర్వాత సోవియట్ సైన్యం ఎదురుదాడికి దిగి తరిమేసరికి, మరమ్మతుకు వరసలో నిలబెట్టిన ట్యాంకులను పేల్చేసో, వదిలేసో పోవాల్సి వచ్చింది. యుద్ధభూమి ఎవరి అధీనంలో మిగిలితే వాళ్లకే ఆగిన ట్యాంకులన్నీ దక్కుతాయి. నేల పోగొట్టుకున్న సైన్యం లెక్కలో, చిన్న మరమ్మతు చాలిన ట్యాంకు కూడా కాలిపోయినదానితో సమానమే.

దీనికి అటువైపు ఉదాహరణ 1973 అక్టోబర్‌లో గోలన్ గుట్టల మీద దొరుకుతుంది. సిరియా ట్యాంకుల సంఖ్య ముందు ఇజ్రాయెల్ బలం చాలా తక్కువ. దెబ్బతిన్న తమ సెంచూరియన్ ట్యాంకులను రాత్రికి రాత్రి వెనక్కి లాగి, బాగుచేసి, గాయపడనివాళ్లతో కొత్త సిబ్బందిని కూర్చి మళ్లీ పైకి పంపుతూ పోయారు. అక్టోబర్ 9న 7వ ఆర్మర్డ్ బ్రిగేడ్‌లో ట్యాంకులు వేళ్ల మీద లెక్కపెట్టేంతకు చేరి, వెనక్కి తగ్గక తప్పదనుకున్న గంటలో, యోస్సీ బెన్ హనాన్ అనే ఇజ్రాయెల్ అధికారి ఒక డజను దాకా ట్యాంకులతో వచ్చి చేరాడు. దాంతో సిరియా దాడి విరిగిపోయింది. ఆ డజను ట్యాంకులు ఏ కర్మాగారం నుంచీ కొత్తగా వచ్చినవి కావు, మరమ్మతు చేసి తెచ్చినవి. వాటిని అంతకుముందు రాత్రులు చీకట్లో లాగి, రెంచీలు పట్టి బిగించినవాళ్ల పేర్లు చరిత్ర పుస్తకాల్లో చాలా అరుదుగా కనిపిస్తాయి.

చెరుకు తోటలో పాటన్లు

మన దగ్గరి ఉదాహరణ ఇంకా గట్టిది. 1965 సెప్టెంబర్ 8 నుంచి 10 దాకా పంజాబ్‌లోని ఖేమ్‌కరణ్ దగ్గర అసల్ ఉత్తర్‌లో జరిగిన పోరు అది. పాకిస్తాన్ 1వ ఆర్మర్డ్ డివిజన్ అమెరికా నుంచి వచ్చిన పాటన్ ట్యాంకులతో ముందుకు తోసుకొచ్చింది. మన 4వ మౌంటెన్ డివిజన్ గుర్రపు నాడా ఆకారంలో మోహరించి, కాలువ నీళ్లను పొలాల మీదికి మళ్లించింది. నిలువెత్తు చెరుకు, దాని కింద నానిన నేల. ముందేముందో పాటన్లకు కనిపించలేదు, కనిపించినా పక్కకు తిరిగే వీలు లేకపోయింది. చెరుకు చాటున మాటువేసిన మన ట్యాంకులు, జీపుల మీద అమర్చిన రీకాయిల్‌లెస్ గన్‌లు వాటిని దగ్గర నుంచి కొట్టాయి. అలాంటి జీపు మీద నుంచే పోరాడి అమరుడైన హవల్దార్ అబ్దుల్ హమీద్‌కు పరమవీరచక్ర దక్కింది. పాకిస్తాన్ పోగొట్టుకున్న ట్యాంకులు వందకు దగ్గర. వాటిలో చెక్కుచెదరకుండా మన చేతికి చిక్కినవీ ఉన్నాయి. వాటినన్నిటినీ ఒకచోట వరసగా నిలబెట్టిన భిఖివిండ్ దగ్గరి స్థలానికి పాటన్ నగర్ అన్న పేరే పడింది.

నీళ్లు కట్టిన చెరుకు తోటలోకి లోడు ట్రాక్టరు దింపితే ఏమవుతుందో చిత్తూరు జిల్లా రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. చక్రం తిరిగేకొద్దీ ఇంకా లోపలికి పోతుంది. లాగడానికి వచ్చిన రెండో ట్రాక్టరు కూడా తడి నేలలోకి దిగితే అదీ పక్కనే దిగబడుతుంది. అందుకే తెలిసినవాళ్లు రెండోదాన్ని గట్టి నేల మీద ఆపి, పొడుగాటి తాడు వేస్తారు. ట్యాంకు విషయంలోనూ సూత్రం ఇదే, తేడా అంతా బరువులో ఉంది. పాటన్ 45 టన్నుల బండి.

ఆ బరువుతో పెద్ద చిక్కొకటుంది. రికవరీ దళాలు వాడే మోటు లెక్క ప్రకారం, ట్యాంకు చక్రాల మేర బురదలో ఉంటే దాన్ని కదిలించడానికి దాదాపు దాని బరువంత లాగుడు కావాలి. మడ్‌గార్డుల దాకా మునిగితే బరువుకు రెండింతలు. టరెట్ దాకా మునిగితే మూడింతలు. బురద ట్యాంకు అడుగుకు అతుక్కుని పట్టి ఉంచడమే దీనికి కారణం. మన టీ-72 బరువు 41 టన్నుల పైచిలుకు. మడ్‌గార్డుల దాకా దిగబడిందంటే 82 టన్నుల లాగుడు, టరెట్ దాకా అంటే 120 టన్నుల పైనే. ఏటవాలు మీద ఉంటే ఇంకొంత కలుపుకోవాలి. ఇంజిన్ బతికుండి ట్రాకులు తిరుగుతుంటే కొంత తగ్గుతుంది. బండి వచ్చిన దారినే వెనక్కి లాగితే, అదివరకే పడిన గాడి ఉంటుంది కాబట్టి మరికొంత తగ్గుతుంది. రికవరీ దళం నాయకుడు ట్యాంకు దగ్గరికి రాగానే మొదట చేసే పని ఈ కూడికలు, తీసివేతలే. లెక్క తప్పితే తాడు తెగుతుంది, లేదంటే లాగాల్సిన బండే బురదలోకి జారుతుంది.

1971 డిసెంబర్‌లో రాజస్థాన్ ఎడారిలోని లోంగేవాలా దగ్గరా నేలే శత్రువైంది. అక్కడ బురద బదులు ఇసుక. తెల్లవారాక జైసల్మేర్ నుంచి వచ్చిన హంటర్ విమానాలకు, మెత్తటి ఇసుకలో చిక్కిన పాకిస్తానీ ట్యాంకులు తేలిగ్గా దొరికిపోయాయి.

ఒకే తాడు, నాలుగు మడతలు

ఏఆర్‌వీ ఎలా పనిచేస్తుందో తెలియడానికి సోవియట్ బ్రెమ్-1 మంచి ఉదాహరణ. టీ-72 చాసిస్ మీదే కట్టిన బండి అది. టరెట్, ఫిరంగి తీసేసి, వాటి స్థానంలో 12 టన్నులు ఎత్తగల క్రేన్, ముందు బుల్డోజర్ తరహా బ్లేడు, లోపల 25 టన్నుల శక్తి గల వించ్ (తాడును చుట్టుకుంటూ లాగే యంత్రం) పెట్టారు. ఆయుధమంటే ఒక 12.7 మిల్లీమీటర్ల మెషిన్‌గన్, అంతే. బరువు మామూలు టీ-72 అంతే ఉంటుంది. ఒకే చాసిస్ కావడంతో ట్యాంకు పోయే దారిలో ఇదీ పోతుంది, ట్యాంకుకు వాడే విడిభాగాలే దీనికీ సరిపోతాయి, ట్యాంకు మెకానిక్కే దీన్నీ విప్పగలడు. చాలా దేశాలు తమ ట్యాంకు చాసిస్ మీదే రికవరీ బండి కట్టుకోవడానికి ఇదే ముఖ్య కారణం.

25 టన్నుల వించ్ 82 టన్నుల లాగుడు ఎలా ఇస్తుందంటే, కప్పీలతో. తాడును నేరుగా ట్యాంకుకు కట్టకుండా, ట్యాంకుకు తగిలించిన కప్పీ మీదుగా వెనక్కి తెచ్చి రికవరీ బండికే బిగిస్తే లాగుడు రెట్టింపవుతుంది. ఇంకో రెండు కప్పీలు కలిపి తాడును నాలుగు మడతలు చేస్తే నాలుగింతలు, అంటే సుమారు 100 టన్నులు. ప్రతి కప్పీ దగ్గరా రాపిడికి కొంత పోతుంది కాబట్టి చేతికి వచ్చేది అంతకన్నా తక్కువే. వేగం కూడా తగ్గుతుంది. నాలుగు మీటర్ల తాడు చుట్టుకుంటే ట్యాంకు కదిలేది ఒక్క మీటరు. తుపాకుల మోత మధ్య ఆ ఒక్కో మీటరు కోసం ఎదురుచూడటం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. పై లెక్కలో టరెట్ దాకా మునిగిన టీ-72కు 120 టన్నులు దాటాయి. ఒక్క బ్రెమ్-1తో ఆ పని కాదు, రెండు కావాలి.

అంత లాగుడు పెడితే ట్యాంకు కదలకముందే రికవరీ బండి ముందుకు జారిపోతుంది. బ్లేడు ఉపయోగం అక్కడే. దాన్ని నేలలోకి దింపి, బండిని కాస్త జరిపితే మట్టి ముందు పోగుపడి గట్టి లంగరవుతుంది. క్రేన్‌తో బరువెత్తేటప్పుడు బండి ఒరగకుండా ఆపేదీ అదే బ్లేడు. అవసరమైతే ట్యాంకు చుట్టూ మట్టిని తవ్వి తీయడానికీ పనికొస్తుంది.

ఇక తాడు సంగతి. బొటనవేలు కన్నా లావైన ఆ ఉక్కు తాడు 20 టన్నుల లాగుడు మీద తెగితే, తెగిన కొస ఎటు కొడుతుందో కంటికి కనిపించదు. మనిషిని రెండు ముక్కలు చేయగలదు. అందుకే బయట నిలబడ్డవాళ్లంతా చాచిన తాడు పొడుగంత దూరంలో ఉండాలన్నది ప్రపంచంలోని ప్రతి రికవరీ దళంలో మొదటి పాఠం. తాడు మలుపు తిరిగే చోట లోపలి కోణంలో ఎవరూ నిలబడకూడదు. శాంతికాలపు శిక్షణలోనూ ఈ నియమాన్ని సడలించరు. కొక్కేలు తగిలించడానికి మాత్రం ఎవరో ఒకరు దిగక తప్పదు. కవచం చాటు నుంచి బయటికొచ్చి, మోకాళ్ల లోతు బురదలో, తాడును ట్యాంకుకు బిగించే అరచేతి మందం షాకిల్ పట్టుకుని నిలబడిన ఆ మనిషికి రక్షణగా ఏమీ ఉండదు.

ఇంజిన్ మార్చే గంటలు

లాగడం సగం పనే. మిగతా సగం మరమ్మతు. క్రేన్ లేకుండా ట్యాంకు ఇంజిన్‌ను కదిలించలేరు. జర్మనీ లెపర్డ్-2 ట్యాంకులో ఇంజిన్, గేర్‌బాక్స్, చల్లబరిచే వ్యవస్థ మూడూ ఒకే ముద్దగా అమర్చి ఉంటాయి, దాన్ని పవర్‌ప్యాక్ అంటారు. పైమూత తీసి, బిగింపులు విప్పి, మొత్తాన్ని ఒకేసారి పైకెత్తి, ఇంకొకటి దించేస్తారు. సిద్ధహస్తులైన బృందానికి గంటలోపు పని. దానికోసమే 1992 నుంచి వాడుతున్న బ్యూఫెల్ రికవరీ వాహనం 30 టన్నులెత్తే క్రేన్‌తో పాటు తన వెనక భాగం మీద ఒక అదనపు పవర్‌ప్యాక్‌ను మోసుకుంటూ తిరుగుతుంది. టీ-72 కుటుంబంలో ఇంజిన్, గేర్‌బాక్స్ విడివిడిగా అమర్చినవి. కొత్తది పెట్టాక షాఫ్టుల వరస సరిచూసుకుంటూ బిగించాలి. అందుకే చాలా ఎక్కువ సమయం పడుతుంది. ఈ తేడా ట్యాంకు గీతల దశలోనే నిర్ణయమైపోతుంది. ఆ తర్వాత ఏ మెకానిక్కూ దాన్ని పూర్తిగా పూడ్చలేడు.

మన సైన్యంలో ఈ బాధ్యత ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజినీర్స్) కోర్‌ది. అక్టోబర్ 15ను, 1943లో ఏర్పడిన రోజుగా, ఈ కోర్ ఏటా జరుపుకుంటుంది. దాని సైనిక కళాశాల ఎంసీఈఎంఈ, ముఖ్య శిక్షణ కేంద్రం ఉన్నది సికింద్రాబాద్‌లో, అంటే తెలుగు నేల మీదే. రెజిమెంటుతో పాటు నడిచే చిన్న మరమ్మతు దళం మొదటి మెట్టు, ఫీల్డ్ వర్క్‌షాపు రెండోది, ట్యాంకును మొత్తం విప్పి కొత్తదానిలా చేసే ఢిల్లీలోని 505 ఆర్మీ బేస్ వర్క్‌షాపు లాంటివి చివరి మెట్టు. ఎంత వీలైతే అంత ముందు మెట్టులోనే బాగుచేయాలన్నది సూత్రం. మరమ్మతుకు వెనక్కి పోయే ప్రతి కిలోమీటరూ ట్యాంకును యుద్ధం నుంచి అంత దూరం చేస్తుంది. పదో తరగతి తర్వాత ఐటీఐలో ఫిట్టర్, వెల్డర్, డీజిల్ మెకానిక్ నేర్చిన పిల్లలకు అగ్నివీర్ టెక్నికల్ విభాగంలో దారి ఉంది. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఆ చదువులు చదువుతున్నవాళ్లకు ఈ పని గురించి చెప్పేవాళ్లే తక్కువ.

బరువు పెరిగితే బండి మారాలి

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ 57 టన్నుల టైగర్ ట్యాంకును యుద్ధభూమికి తెచ్చినప్పుడు, దాన్ని లాగడానికి ఉన్నవి 18 టన్నులు లాగగల ఫామో హాఫ్‌ట్రాక్‌లు (ముందు చక్రాలు, వెనక ట్రాకులు ఉండే బండ్లు). ఒక్క టైగర్‌ను కదిలించడానికి అవి మూడు కావాల్సి వచ్చేవి. ఒక టైగర్‌ను ఇంకో టైగర్‌తో లాగొద్దని, అలా లాగితే రెండోదాని ఇంజిన్ కూడా పోతుందని ఆదేశాలుండేవి. ప్రాణాల మీదికి వచ్చినప్పుడు సిబ్బంది వాటిని పట్టించుకోలేదు, ఫలితంగా చాలాసార్లు రెండూ ఆగిపోయాయి. 1943లో పాంథర్ చాసిస్ మీద 40 టన్నుల వించ్‌తో బెర్గెపాంథర్ వచ్చాకే ఈ లోటు కొంత తీరింది, అదీ కావాల్సినన్ని తయారు కాలేదు.

ఇదే పొరపాటు తర్వాత కూడా జరిగింది. అమెరికా అబ్రామ్స్ ట్యాంకు బరువు 60 టన్నులు దాటి పెరుగుతూ పోతుంటే, దాన్ని సురక్షితంగా లాగడానికి పాత ఎం-88ఏ1లు రెండు కలవాల్సి వచ్చింది. 63 టన్నుల బరువు, దాదాపు అంతే లాగుడు గల వించ్‌తో ఎం-88ఏ2 హెర్క్యులిస్ 1990ల చివర్లో వచ్చాక ఒక్కదానితో పని జరిగింది. ఆ తర్వాత ట్యాంకు మళ్లీ బరువెక్కడంతో, ఇంకా బలమైన ఏ3 రూపం మీద పని మొదలుపెట్టాల్సి వచ్చింది.

ఈ పాఠం నేర్చిన దేశాలు కొనుగోలు కాగితాల్లోనే దాన్ని చూపిస్తాయి. 2023 జనవరిలో అమెరికా ఉక్రెయిన్‌కు 31 అబ్రామ్స్ ఇస్తానన్నప్పుడు, వాటితో పాటు 8 ఎం-88లు కూడా ప్రకటించింది. 2022లో పోలండ్ 250 అబ్రామ్స్ కొన్న ఒప్పందంలో 26 హెర్క్యులిస్‌లు చేర్చింది. ట్యాంకులు, వాటిని లాగే బండ్లు ఒకే సంతకం కింద.

భారత్‌కు పోలండ్‌తో వేరే బంధం ఉంది. టీ-72 చాసిస్ మీద బుమార్ సంస్థ తయారుచేసిన డబ్ల్యూజెడ్‌టీ-3 రికవరీ వాహనాలను మన సైన్యం పోలండ్ నుంచి తెప్పించుకుంది, బీఈఎంఎల్ ద్వారా ఇక్కడ తయారు చేయించుకుంది. స్లొవాకియా వీటీ-72బీలు కూడా మన దగ్గరున్నాయి. 2012 జనవరిలో మరో 204 డబ్ల్యూజెడ్‌టీ-3ల కోసం బుమార్, బీఈఎంఎల్ ఒప్పందం చేసుకున్నాయి. ఉక్రెయిన్ యుద్ధంలో దెబ్బతిన్న లెపర్డ్-2లను 2023లో బాగుచేయడం మొదలుపెట్టింది గ్లివిట్సేలోని అదే బుమార్ కర్మాగారంలో. లాగడం, బాగుచేయడం ఒక పరిశ్రమగా నిలబెట్టుకున్న దేశానికి యుద్ధకాలంలో పొరుగుదేశాలే వెతుక్కుంటూ వస్తాయి.

మన దగ్గర చిక్కుముడి అర్జున్‌తో వచ్చింది. టీ-72 కుటుంబపు రికవరీ బండ్లు 41 నుంచి 47 టన్నుల ట్యాంకులకు సరిపోతాయి. అర్జున్ మార్క్-1 బరువు 58.5 టన్నులు. 2021 సెప్టెంబర్‌లో 118 ట్యాంకులకు ఆర్డరిచ్చిన మార్క్-1ఏ బరువు 68 టన్నులు. పైన చెప్పిన లెక్క ప్రకారం మడ్‌గార్డుల దాకా దిగబడిన మార్క్-1ఏకు 136 టన్నుల లాగుడు కావాలి. అందుకే సీవీఆర్‌డీఈ, బీఈఎంఎల్ కలిసి అర్జున్ చాసిస్ మీదే వేరే రికవరీ, మరమ్మతు వాహనాన్ని అభివృద్ధి చేయాల్సి వచ్చింది. మంచి ప్రయత్నమే. ఆవడి, కేజీఎఫ్ రెండూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటే ఏం సాధ్యమో అది చూపించింది. కానీ ట్యాంకు ముందొచ్చి, దానికి తగిన రికవరీ బండి ఆలస్యంగా రావడం ఇక్కడా తప్పలేదు. ఆ మధ్య ఏళ్లలో దిగబడిన అర్జున్‌ను మరో అర్జున్‌తో లాగడం తప్ప దారి లేదంటే, అది టైగర్ సిబ్బంది పరిస్థితే.

నది, మంచు, డ్రోన్

రికవరీకి కూడా హద్దులున్నాయి. 2024 జూన్ 28 రాత్రి లద్దాఖ్‌లోని ససెర్ బ్రాంగ్సా దగ్గర, శిక్షణ ముగించుకుని వస్తున్న టీ-72 ఒకటి ష్యోక్ నది దాటుతూ నడుమ చిక్కుకుంది. మంచు కరిగి నది ఒక్కసారిగా పెరిగింది. సహాయక దళాలు పరుగున వచ్చాయి. కానీ ప్రవాహం ఉద్ధృతికి వాళ్లు చేయగలిగింది ఏమీ లేకపోయింది. ఐదుగురు సైనికులు చనిపోయారు. అందులో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్లు. ప్రకాశం, కృష్ణా, బాపట్ల జిల్లాల ఇళ్లకు వాళ్ల శవపేటికలు వచ్చాయి. ముందస్తు ఏర్పాట్లు లేకుండా టీ-72 దాటగలిగే లోతు 1.2 మీటర్లు. పర్వత నదుల్లో ఆ లోతు గంటల్లోనే మారిపోతుంది. అలాంటి రేవుల దగ్గర రికవరీ వాహనం ముందే అవతలి గట్టున నిలబడి, తాడు చాచి సిద్ధంగా ఉండటం తప్పనిసరి కావాలి. కబురందాక బయలుదేరిన బండి నదితో పందెం గెలవలేదు.

2020 తర్వాత తూర్పు లద్దాఖ్‌లో ట్యాంకులను శాశ్వతంగా ఉంచుతున్నారు. ప్రాణవాయువు తక్కువున్న ఆ ఎత్తుల్లో ఇంజిన్ బలం తగ్గుతుంది, చలికి నూనె గట్టిపడుతుంది, రబ్బరు పగుళ్లిస్తుంది. పాడైన ట్యాంకును అక్కడి నుంచి మైదానానికి దించి మళ్లీ ఎక్కించడమంటే వారాల పని. న్యోమా దగ్గర, దౌలత్ బేగ్ ఓల్డీ ప్రాంతంలో సైన్యం రెండు మరమ్మతు కేంద్రాలు నెలకొల్పింది. లద్దాఖ్‌కు తరలివెళ్లిన ట్యాంకుల సంఖ్య కన్నా ఈ రెండు కేంద్రాల వార్తే ఎక్కువ ధైర్యమిచ్చేది.

ఉక్రెయిన్ యుద్ధం ఇంకో ప్రమాదాన్ని ముందుకు తెచ్చింది. ఆగిపోయిన ట్యాంకు దగ్గరికి ఎవరో వస్తారని శత్రువుకు తెలుసు. పైన తిరిగే డ్రోన్ ఆ రాక కోసమే కాచుకుని ఉంటుంది. 30 టన్నులెత్తే క్రేన్ చాచిన బండి దాక్కోలేదు, గంటసేపు ఒకేచోట నిలబడక తప్పదు. అందుకని ఇరు పక్షాలూ రికవరీని రాత్రివేళకు, పొగమంచు వేళకు మార్చుకున్నాయి. చాలా ట్యాంకులను లాగే వీలున్నా వదిలేశాయి. కొక్కెం తగిలించడానికి మనిషి కిందికి దిగే అవసరమే లేకుండా లోపలి నుంచే జోడించే ఏర్పాట్లు, డ్రోన్ సంకేతాలను అడ్డుకునే జామర్లు, రికవరీ బండికి కూడా ట్యాంకు స్థాయి కవచం ఇక అదనపు సౌకర్యాలు కావు. మెషిన్‌గన్ ఒక్కటే ఆయుధంగా పెట్టిన పాత ఆలోచన ఈ కాలానికి చాలదు.

2024 సెప్టెంబర్‌లో రక్షణ కొనుగోళ్ల మండలి, టీ-72ల స్థానంలో రావాల్సిన కొత్త తరం ట్యాంకులకు సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. అనుకుంటున్న సంఖ్య 1,770. పోలండ్ పాటించిన నిష్పత్తిలో చూసినా ఇన్ని ట్యాంకులకు 180కి పైగా రికవరీ వాహనాలు కావాలి. ఉక్రెయిన్‌కు ఇచ్చిన నిష్పత్తిలో అయితే 450 దాటతాయి. కొత్త ట్యాంకు 50 టన్నులా, 60 టన్నులా అన్నది తేలిన రోజే దాన్ని లాగే వించ్ శక్తి, తాడు మందం, క్రేన్ ఎత్తే బరువు కూడా తేలిపోతాయి. పవర్‌ప్యాక్ ఒకే ముద్దగా ఉండాలా, విడివిడిగానా అన్నదీ అప్పుడే రాసుకోవాలి. మొదటి నమూనా ట్యాంకుకు ఉక్కు కోసే వారంలోనే దాని రికవరీ రూపానికి కూడా ఉక్కు కోయడం మొదలవ్వాలి. ఆ పనికి కావాల్సిన క్రేన్ల అనుభవం, బుల్డోజర్ బ్లేడుల అనుభవం, గత రికవరీ వాహనాల అనుభవం వి.కోట అవతల కేజీఎఫ్‌లో ఇప్పటికే సిద్ధంగా ఉన్నాయి.